ఒకటికి ఒకటిన్నర

బల్లరాట్‌లో జులై నెల. రాత్రి రెండుంబావు.
హీటర్ ఆపేశాను. అదీ ఎంబ్రాయిడరీ మిషనూ కలిపి నడిస్తే
ఫ్యూజు పోతుంది, ఇంటి ఓనరు సోమవారందాకా రాడు.
కాళ్ళకి ముకుందం ఊలు మేజోళ్ళు.
పక్కన నలభై మూడు స్కూలు స్వెటర్లు,
ప్రతి గుండె మీదా ఒక మాగ్‌పై పిట్ట వాలాలి
పొద్దున్న బడి గంట కొట్టేలోపు.

పిట్ట సగం దాకా వచ్చి
తెర మీద ఆగిపోయింది
తెల్ల రెక్క దగ్గర.
వర్చువల్ మెమరీ చాలడం లేదని
ఒక పసుపు ముక్కోణం.

చాలకపోవడం నాకు కొత్తా?
అసలు మెమరీ ఐదొందల పన్నెండు,
మూతపడ్డ లైబ్రరీవాళ్ళు డెబ్బై డాలర్లకి వదిలించుకున్న డబ్బా ఇది.
వంటింటి గట్టు లాంటిది:
కత్తిపీట, గిన్నె, మూకుడు పెట్టేసరికి సరి.
మిగతా సామానంతా
హార్డ్ డిస్కు అటక మీదికి ఎక్కించడం,
కావాల్సినప్పుడు స్టూలేసుకుని దింపుకోవడం.
ఆ స్టూలు ఈడ్చే చప్పుడే ఇందాకట్నుంచీ,
కరకర, కరకరకర.

అప్పుచేసి పప్పుకూడు అన్నమాట.
పోనీ, పప్పుకూడేగా.

కంట్రోల్ పానెల్ లోపల, దాని లోపల, ఇంకా లోపల
మూడు గుండ్రాలు.
అంతా సిస్టమే చూసుకుంటుంది అంటుంది ఒకటి
(మా మరిదీ ఇలాగే, నేను చూసుకుంటాలే వదినా అని
రెండొందల విస్తళ్ళని ఆరొందలు చేశాడు).
అసలు అప్పే వద్దు అంటుంది ఇంకోటి.
మూడోది మాత్రం
నీ అంకె నువ్వే వేసుకో అని
రెండు ఖాళీ గళ్ళు నా ముందు తోసింది.

బేకరీ డ్యూటీకి పోతూ ముకుందం
అట్టముక్క మీద రాసి పెట్టాడు: 768.
ఉన్నదానికి ఒకటిన్నర రెట్లట.
ఎవరో చెప్పారట. కింద రెండు గీతలు కూడా గీశాడు,
ఇంక అడక్కు అన్నట్టు.

ఒకటికి ఒకటిన్నర!
ఇది ఎసరు కొలత కదూ.
బియ్యం పాతవా కొత్తవా అడక్కుండా
ఎసరు పెట్టమనేవాణ్ణి నేనెలా నమ్మను?

సి డ్రైవు ఎప్పుడో కిక్కిరిసింది.
డి డ్రైవులో ఏడొందలే ఖాళీ.
ఏదో ఒకటి తీసెయ్యాలి.
పేరైనా పెట్టని ఫోల్డర్లో
నలభై ఒక్క నిమిషాల వీడియో, చాలా బరువుంది,
చెరపబోతూ ఎందుకో తెరిచాను.

కొట్టు తెరిచిన రోజు.
కెమెరా ఆపడం మరిచి బల్ల కింద పెట్టేశాం.
నేల, నేల, నేల.
పాదాలు వస్తాయి, పోతాయి.
హారిక బొటనవేలికి చిరిగిన సాక్సు.
ఇరవయ్యో నిమిషంలో
మట్టి రంగు బూట్లు, ఒకదానికి తెల్ల లేసు.
“పాంటు అంచు మడవడానికి ఎంతమ్మా?”
డోరీన్.
“ఎనిమిది,” నా గొంతు.
బూట్లు కదల్లేదు.
“మీకు ఆరు.”
ఆ తర్వాత ఆమె నవ్వు, తెర మీద మాత్రం నేలే.

పోయినేడు ఈస్టరు ముందు పోయింది డోరీన్.
ఈ బడి పని ఇప్పించిందీ ఆవిడే.
నా దగ్గర ఫొటో ఒక్కటీ లేదు.
ఉన్నవి బూట్లు.

మూసేశాను. చెరపలేదు.
మొదటి గడిలో 640.
రెండో గడిలోనూ అదే 640,
పెరగడాలూ తరగడాలూ లేకుండా.
సెట్ నొక్కాను. ఓకే నొక్కాను.
మళ్ళీ మొదలుపెడితే గానీ కుదరదంది,
సరేనన్నాను.
తెర నల్లబడ్డ కాసేపు
గదిలో నా ఊపిరి ఆవిరి కూడా కనిపించలేదు.

తెల్ల రెక్క పూర్తవడానికి పన్నెండు నిమిషాలు పట్టింది.
స్టూలు ఎక్కుతోంది, దిగుతోంది,
నేను దారాలు కత్తిరిస్తూ కూచున్నాను.
చివరి పిట్టకి కన్ను పెట్టేసరికి
కిటికీ బయట నిజం మాగ్‌పై ఒకటి అరిచింది.

ఐదున్నరకి ముకుందం, చంకలో వేడి రొట్టె.
అట్టముక్క చూశాడు, నన్ను చూశాడు.
“ఏడొందల అరవై ఎనిమిదేగా వేసింది?”

“ఆఁ,” అన్నాను,
రొట్టె అందుకుంటూ.